నొక్కింది మీరే, తెరిచిందెవరు?

కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి ఉంది. అందులో ఒక లింకు వచ్చింది, నొక్కారు. కరెంటు బిల్లు సైటు వచ్చింది గానీ రోజూ పైన కనిపించే బుక్‌మార్కులు లేవు, దాచిపెట్టుకున్న పాస్‌వర్డ్ రాలేదు. బ్రౌజర్ మారిందా అంటే అదీ లేదు, ఇదీ ఫైర్‌ఫాక్సే. కాకపోతే టాస్క్‌బార్ మీద నారింజ రంగు నక్క ఉండాల్సిన చోట నీలం రంగు నక్క ఉంది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఇంట్లో ఇంజినీరింగ్ చదువుతున్న అబ్బాయి తన ప్రాజెక్టు కోసం ‘ఫైర్‌ఫాక్స్ డెవలపర్ ఎడిషన్’ను అదే కంప్యూటర్‌లో ఎక్కించాడు. ‘దీన్నే డిఫాల్ట్ చేసుకుంటారా?’ అని అది అడిగితే, చదవకుండానే సరే అని నొక్కేశాడు.

ఇలాంటి తికమక ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకే పరిమితం కాదు. క్రోమ్‌లో అందరూ వాడే స్టేబుల్‌తో పాటు బీటా, డెవ్, కానరీ అనే రకాలున్నాయి. ఎడ్జ్‌లోనూ అంతే. ఆఫీసుల కోసం నిదానంగా మారే ‘ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్’ వేరే ఉంది. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు రేపు రాబోయే వెర్షన్‌లో తమ సైటు ఎలా ఉంటుందో ఇవాళే చూసుకోవడానికి ఇలా రెండు మూడు రకాలు పక్కపక్కనే పెట్టుకుంటారు. ఎన్ని ఉన్నా, బయటి నుంచి వచ్చిన లింకు మాత్రం ఒక్కదానికే చేరుతుంది. ఆ ఒక్కటి ఏదన్నది ఎక్కడ రాసి ఉంటుంది? రాసేదెవరు? పొరపాటున తప్పు వెర్షన్ పేరు ఎక్కితే నష్టమేమిటి?

లింకుకు బ్రౌజర్ సంగతి తెలియదు

ఏ లింకునైనా గమనించండి. మొదట హెచ్‌టీటీపీఎస్ అనే అక్షరాలు, వాటి పక్కన రెండు చుక్కలు, రెండు ఏటవాలు గీతలు ఉంటాయి. ఆ తర్వాతే సైటు పేరు. ఈ మొదటి ముక్కను స్కీమ్ అంటారు. ఏ సరుకు కావాలన్నది మిగతా లింకు చెబుతుంది, దాన్ని ఏ పద్ధతిలో తెచ్చుకోవాలో స్కీమ్ చెబుతుంది. ఏ బ్రౌజర్‌తో తెరవాలన్న మాట మాత్రం లింకులో ఎక్కడా ఉండదు. 1990లో సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ మొట్టమొదటి బ్రౌజర్ రాసిన నాటి నుంచీ వెబ్ నడక ఇదే. ఒకే లింకు ఏ కంపెనీ యంత్రంలోనైనా, ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకోగలుగుతోందంటే అందుకే.

స్కీములు ఇంకా చాలా ఉన్నాయి. ‘మెయిల్‌టు’తో మొదలైతే ఈమెయిల్ యాప్ లేస్తుంది, ‘టెల్’తో మొదలైతే ఫోన్ డయలర్ వస్తుంది. టీ కొట్టు దగ్గర అంటించిన క్యూఆర్ కోడ్‌లో దాగి ఉండేది ‘యూపీఐ’ అనే స్కీమ్‌తో మొదలయ్యే లింకే. ఆండ్రాయిడ్ ఫోన్ కెమెరాతో దాన్ని చూసినప్పుడు ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం వరసగా నిలబడి ‘నన్ను ఎంచుకో’ అన్నట్టు కనిపిస్తాయి కదా, ఆ స్కీమ్‌ను తాము అందుకోగలమని అవన్నీ ముందే ఫోన్‌కు చెప్పి ఉంచాయన్నమాట. బ్రౌజర్ల కథా అదే. హెచ్‌టీటీపీఎస్‌ను అందుకోగలమని ప్రతి బ్రౌజరూ ఎక్కించిన రోజే ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది.

దీన్ని ఊరి భూముల లెక్కతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. సేద్యం చేయగలిగినవాళ్లు ఊళ్లో ఎంతమందైనా ఉంటారు. ఫలానా సర్వే నంబరు ఎవరిదని అడిగితే మాత్రం రెవెన్యూవాళ్లు అడంగల్ తీసి అందులో ఎవరి పేరుందో చూసి చెబుతారు. కంప్యూటర్‌లో సర్వే నంబరు ఉండాల్సిన చోట స్కీమ్ ఉంటుంది, పట్టాదారు ఉండాల్సిన చోట డిఫాల్ట్ బ్రౌజర్ ఉంటుంది. నమోదు చేసుకున్నవాళ్లు అరడజను మంది ఉన్నా ఆ గడిలో పట్టేది ఒక్క పేరే.

నొక్కిన క్షణం నుంచి మూడు మజిలీలు

విండోస్‌లో ఈ దస్త్రం పేరు రిజిస్ట్రీ. వాట్సాప్‌లో లింకు నొక్కగానే జరిగేది ఇది. మొదట వాట్సాప్ చేతులు దులుపుకుని ‘ఈ లింకు తెరిపించు’ అని విండోస్‌కు అప్పగిస్తుంది. మీ ఇంట్లో ఏ బ్రౌజర్ ఉందో దానికి తెలియదు, అక్కర్లేదు కూడా.

విండోస్ అప్పుడు హెచ్‌టీటీపీఎస్ కింద ‘యూజర్ ఛాయిస్’ అనే గడి తెరుస్తుంది. ఈ గడి కంప్యూటర్‌కంతా ఉమ్మడిగా ఒకటి ఉండదు, లాగిన్ అయ్యే ఒక్కొక్కరికీ విడిగా ఉంటుంది. అందుకే ఒకే యంత్రంలో నాన్నగారి లాగిన్‌లో క్రోమ్, అమ్మాయి లాగిన్‌లో ఫైర్‌ఫాక్స్ తెరుచుకుంటాయి. ఆ గడిలో ఒక గుర్తింపు పేరు ఉంటుంది. క్రోమ్‌కైతే ‘క్రోమ్‌హెచ్‌టీఎంఎల్’, ఫైర్‌ఫాక్స్‌కైతే ‘ఫైర్‌ఫాక్స్‌యూఆర్ఎల్’ అనే మాట, దాని వెనక 308046తో మొదలయ్యే 16 అంకెలూ అక్షరాలూ కలిసిన వరస.

ఆ గుర్తింపు పేరు పట్టుకుని విండోస్ మరో గడికి వెళ్తుంది. అక్కడ ఒక ఆజ్ఞ రాసి ఉంటుంది: ఫలానా డ్రైవులో ఫలానా ఫోల్డర్‌లో ఉన్న ప్రోగ్రామును నడుపు, దానికి ఈ లింకు ఇవ్వు. లింకు రావాల్సిన చోట %1 అనే గుర్తు ఉంటుంది. విండోస్ ఆ గుర్తు తీసేసి మీరు నొక్కిన లింకును అక్కడ పెట్టి ప్రోగ్రామును లేపుతుంది. ఇదంతా మనం రెప్పవేసే లోపే అయిపోతుంది.

గమనించాల్సింది మరొకటుంది. హెచ్‌టీటీపీకి ఒక గడి, హెచ్‌టీటీపీఎస్‌కు ఇంకో గడి, కంప్యూటర్‌లో దాచుకున్న వెబ్‌పేజీ ఫైళ్లకు వేరే గడి, పీడీఎఫ్ ఫైళ్లకు మరొకటి. డిఫాల్ట్ మార్చుకున్నా కొన్ని లింకులు ఇంకా పాతదాంట్లోనే తెరుచుకుంటున్నాయని, పీడీఎఫ్ మాత్రం ఎడ్జ్‌లోకే పోతోందని చాలామంది అంటుంటారు. ఒక గడి మారి పక్క గడి మారకపోవడమే అందుకు కారణం.

పేరు ఒకటే, మనుషులు ఇద్దరు

ఇప్పుడు నీలం నక్క దగ్గరికి వద్దాం. వెర్షన్ అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడేస్తుంటాం. వాటిని విడదీస్తే సగం చిక్కు విడిపోతుంది.

మొదటిది వెర్షన్ నంబరు. క్రోమ్‌కు కొన్ని వారాలకొక కొత్త పెద్ద వెర్షన్ వస్తోంది. అయినా మీ డిఫాల్ట్ చెదరదు. ఎందుకంటే విండోస్ దగ్గరున్న ఆజ్ఞలో వెర్షన్ నంబరు ఉండదు. క్రోమ్ ఫోల్డర్ తెరిచి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. పైన చిన్న ప్రోగ్రాము ఫైలు ఒకటి, దాని పక్కనే వెర్షన్ నంబరునే పేరుగా పెట్టుకున్న ఫోల్డర్ ఒకటి. అసలు బరువంతా ఆ ఫోల్డర్‌లో ఉంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు కొత్త నంబరుతో కొత్త ఫోల్డర్ వచ్చి చేరుతుంది. విండోస్‌కు తెలిసిన చిరునామా మాత్రం ఎప్పటిదే.

రెండోది రకం. స్టేబుల్, బీటా, డెవలపర్ ఎడిషన్ లాంటివి. ఇవి సాధారణంగా వేరే వేరే ఫోల్డర్లలో కూర్చుంటాయి కాబట్టి సిస్టమ్ దృష్టిలో వేరే వేరే మనుషులు. ఫైర్‌ఫాక్స్ వెనక కనిపించిన ఆ 16 అక్షరాల వరస ఇందుకే పుట్టింది. ఫైర్‌ఫాక్స్ ఎక్కిన ఫోల్డర్ చిరునామాను ఒక గణిత ప్రక్రియలో వేసి పిండితే వచ్చేదే అది. మామూలు చోట ఎక్కించిన ఫైర్‌ఫాక్స్‌కు ఎవరి యంత్రంలోనైనా అదే వరస వస్తుంది, డెవలపర్ ఎడిషన్ ఫోల్డర్ వేరు కాబట్టి దాని వరసా వేరు. మ్యాక్‌లో ఫోల్డర్‌కు బదులు ప్రతి యాప్‌కూ ఒక గుర్తింపు పేరు ఉంటుంది. క్రోమ్‌కు ఒకటి, క్రోమ్ కానరీకి చివర ‘కానరీ’ తగిలించిన మరొకటి. ఆండ్రాయిడ్‌లోనూ క్రోమ్, దాని బీటా, డెవ్, కానరీలు నాలుగు విడి యాప్‌ల కిందే లెక్క.

ప్రతిరోజూ కొత్త కోడ్ చేరే కానరీని డిఫాల్ట్ చేసుకోవడానికి గూగుల్ చాలాకాలం అసలు ఒప్పుకోలేదు. ఏ పూట ఏది పనిచేయకుండా పోతుందో తెలియని సరుకును లింకులన్నిటికీ దిక్కుగా పెట్టడం దానికే ఇష్టం లేకపోయింది.

సెట్టింగ్ సరిగ్గానే ఉన్నా…

గడిలో పేరు సరిగ్గానే ఉన్నా లింకు వేరేచోట తెరుచుకునే సందర్భం ఇంకొకటుంది. లింకు వచ్చేసరికి బ్రౌజర్ అప్పటికే నడుస్తూ ఉంటే, విండోస్ లేపిన కొత్త ప్రతి ఒక పని చేస్తుంది. తన ప్రొఫైల్‌ను, అంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, కుకీలు ఉండే ఫోల్డర్‌ను ఇంకెవరైనా వాడుతున్నారా అని చూస్తుంది. వాడుతుంటే లింకును వాళ్లకు అందించి తాను తప్పుకుంటుంది. ఒకే ప్రొఫైల్‌ను ఇద్దరు ఒకేసారి తిరగరాస్తే అది పాడైపోతుంది కాబట్టి ఈ జాగ్రత్త.

డెవలపర్ ఎడిషన్ తప్ప ఫైర్‌ఫాక్స్ రకాలన్నీ ఒకప్పుడు ఒకే ప్రొఫైల్ మీద బతికేవి. అందువల్ల స్టేబుల్ నడుస్తుండగా ఇంకో రకాన్ని తెరవబోతే స్టేబుల్‌లోనే మరో విండో వచ్చేది. 2019 మేలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67తో ఒక్కో రకానికి ఒక్కో ప్రొఫైల్ వచ్చి ఆ గొడవ తీరింది. నీలం నక్కలో బుక్‌మార్కులు కనిపించకపోవడానికీ కారణం ఇలా ప్రొఫైల్ వేరుగా ఉండడమే. అవి పోలేదు, నారింజ నక్క ప్రొఫైల్‌లో భద్రంగా ఉన్నాయి. క్రోమ్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టుకున్నవాళ్లకు ఇదే తంతు మరోలా ఎదురవుతుంది. చివరగా ఏ ప్రొఫైల్ వాడారో లింకు అందులోకే పోతుంది. ఆఫీసు లింకు ఇంటి ఖాతాలో తెరుచుకుందంటే డిఫాల్ట్ బ్రౌజర్‌ను అనుమానించి లాభం లేదు.

బాక్స్: ఎక్కడ మార్చాలి?

• విండోస్ 11: సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్. అక్కడ కావాల్సిన బ్రౌజర్‌ను, రెండు రకాలుంటే సరైన రకాన్ని ఎంచుకుని పైనున్న ‘సెట్ డిఫాల్ట్’ నొక్కాలి. కింద జాబితాలో పీడీఎఫ్ లాంటి గడులను విడిగా చూసుకోవాలి.

• మ్యాక్: సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘డెస్క్‌టాప్ అండ్ డాక్’ కింద డిఫాల్ట్ వెబ్ బ్రౌజర్ ఉంటుంది.

• ఆండ్రాయిడ్: సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ యాప్. ఫోన్ కంపెనీని బట్టి పేర్లు కొద్దిగా మారుతాయి.

• ఐఫోన్: సెట్టింగ్స్, యాప్స్‌లో ఆ బ్రౌజర్ పేరు నొక్కితే ‘డిఫాల్ట్ బ్రౌజర్ యాప్’ కనిపిస్తుంది.

• మార్చాక పరీక్ష: బ్రౌజర్లన్నీ మూసేసి, ఈమెయిల్ యాప్ లేదా వాట్సాప్ నుంచి ఒక లింకు నొక్కి చూడాలి. తెరిచి ఉన్న బ్రౌజర్ లోపలి లింకులు నొక్కితే ఏమీ తెలియదు, అవి ఎలాగూ అందులోనే తెరుచుకుంటాయి.

కలం ఎవరి చేతిలో ఉండాలి?

ఒకప్పుడు ఈ గడిలో ఏ ప్రోగ్రామైనా ఇష్టమొచ్చినట్టు రాసుకోగలిగేది. బ్రౌజర్లు ఒకదాని పేరు ఒకటి కొట్టేసుకునేవి. ఉచిత సాఫ్ట్‌వేర్ మాటున దూరిన మాయదారి ప్రోగ్రాములు తమ పేరు రాసేసుకునేవి. 2012లో వచ్చిన విండోస్ 8 దీనికొక అడ్డుకట్ట వేసింది. గడిలో పేరుతో పాటు ఒక ముద్ర కూడా ఉండాలంది. ఏ స్కీమ్, ఏ బ్రౌజర్, ఏ యూజర్, ఏ సమయంలో రాశారు అన్నవాటిని మైక్రోసాఫ్ట్‌కే తెలిసిన ఒక మాటతో కలిపి లెక్కగడితే ఆ ముద్ర వస్తుంది. ఎవరైనా అడ్డదారిన పేరు మార్చితే ముద్ర సరిపోదు, విండోస్ ఆ రాతను పట్టించుకోదు. అడంగల్‌లో ఎవరో పెన్నుతో పేరు దిద్దినా తహసీల్దారు ఉత్తర్వు లేనిదే చెల్లనట్టు. అప్పటి నుంచీ బ్రౌజర్లు మామూలుగా మిమ్మల్ని సెట్టింగ్స్ పేజీ దాకా తీసుకెళ్లి వదిలేస్తాయి, చివరి నొక్కు మీరే నొక్కాలి.

దొంగలను ఆపే ఏర్పాటుగా ఇది మంచిదే. అయితే ముద్ర వేసే అధికారం ఉన్న కంపెనీకే సొంత బ్రౌజర్ కూడా ఉంటే? పేచీ అక్కడ మొదలైంది. 2015 జులైలో విండోస్ 10 వచ్చింది. దానికి మారినప్పుడు చాలామంది డిఫాల్ట్ ఎడ్జ్‌కు మారిపోయింది. విండోస్ 10 విడుదలైన మర్నాడే అప్పటి మొజిల్లా అధిపతి క్రిస్ బియర్డ్, హైదరాబాదులో పుట్టి మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్లకు బహిరంగ లేఖ రాశారు. జనం ఎంపికను తుడిచేయవద్దన్నది అందులోని సారాంశం. 2021లో విండోస్ 11 మొదట వచ్చినప్పుడు ఒక్కో గడినీ విడిగా మార్చుకోవాల్సి వచ్చేది. విమర్శలు వెల్లువెత్తాక 2022 మార్చిలో ఒకే బటన్ తెచ్చారు. మొజిల్లా కూడా ఊరుకోలేదు. 2021 ఆగస్టులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 91 ఆ ముద్ర లెక్కను తానే కట్టేసి, ఒక్క నొక్కుతో డిఫాల్ట్ అయ్యే దారి కనిపెట్టింది.

ఇంకో ఎత్తు కూడా నడిచింది. విండోస్ స్టార్ట్ మెనూలో వెతికితే వచ్చే లింకులు హెచ్‌టీటీపీఎస్‌తో కాక ‘మైక్రోసాఫ్ట్-ఎడ్జ్’ అనే సొంత స్కీమ్‌తో మొదలయ్యేవి. స్కీమే వేరు కాబట్టి మీరు హెచ్‌టీటీపీఎస్ గడిలో ఎవరి పేరు రాసుకున్నా వాటికి వర్తించదు. ఆ లింకులను పట్టి మామూలు బ్రౌజర్‌కు మళ్లించే చిన్న ప్రోగ్రామొకటి చాలా ఏళ్లు పనిచేసింది. 2021 చివర్లో మైక్రోసాఫ్ట్ ఆ దారీ మూసేసింది.

యూరప్ ఈ విషయాన్ని చట్టం దాకా తీసుకెళ్లింది. బ్రౌజర్ ఎంచుకునే తెరను చూపిస్తామని ఇచ్చిన మాట తప్పి 2011 మే నుంచి 2012 జులై దాకా చూపించనందుకు, 2013 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2024 మార్చి నుంచి అక్కడ కొత్త డిజిటల్ మార్కెట్ల చట్టం పూర్తిగా అమలవుతోంది. దాని కారణంగా ఐఫోన్ కూడా అక్కడివాళ్లకు ఎంపిక తెర చూపిస్తోంది.

ఫోన్‌లో మరికొన్ని మెలికలు

ఆండ్రాయిడ్‌లో లింకు నొక్కడమంటే ‘ఈ పని ఎవరు చేస్తారు?’ అని ఫోన్ అంతటా చాటింపు వేయడమే. దీన్ని ఇంటెంట్ అంటారు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 ఇందులో కచ్చితమైన నియమం తెచ్చింది. ఏదైనా యాప్ ఫలానా సైటు లింకులు తనవే అంటే, ఆ సైటు కూడా ‘అవును, ఈ యాప్ మాదే’ అని ఒక ఫైలు ద్వారా ధ్రువీకరించాలి. అప్పుడే లింకు నేరుగా యాప్‌కు పోతుంది. లేదంటే డిఫాల్ట్ బ్రౌజర్‌దే. యూట్యూబ్ లింకు బ్రౌజర్‌కు రాకుండా యూట్యూబ్ యాప్‌లో తెరుచుకునేది ఇలాగే.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి యాప్‌లు అసలు చాటింపే వేయవు. తమ లోపలే ఒక చిన్న బ్రౌజర్ పెట్టుకుని అందులోనే లింకు చూపిస్తాయి. మీ డిఫాల్ట్‌కు అక్కడ చోటు లేదు, మీ పాస్‌వర్డులూ రావు. పైన మూడు చుక్కల మెనూలో బయటి బ్రౌజర్‌లో తెరిచే ఎంపిక ఉంటుంది.

ఐఫోన్ కథ వేరు. డిఫాల్ట్ మార్చుకునే వీలే 2020లో ఐఓఎస్ 14తో వచ్చింది. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ పెట్టుకున్నా, ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా లోపల పేజీని గీసే ఇంజిన్ మాత్రం ఆపిల్ వెబ్‌కిట్టే. అక్కడ బ్రౌజర్ మార్చినంత మాత్రాన ఇంజిన్ మారదు. దాన్ని కొత్తగా ఉంచాలంటే ఐఓఎస్ అప్‌డేట్ చేసుకోవాల్సిందే.

ఏ వెర్షన్‌ను ముందు పెట్టాలి?

డిఫాల్ట్ బ్రౌజర్ అంటే మనకు బాగా నచ్చిన బ్రౌజర్ అనుకుంటాం. అది చేసే పని చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. మనమే బ్రౌజర్ తెరిచి, సైటు పేరు టైప్ చేసుకుంటే ఎటు పోతున్నామో మనకు తెలుసు. డిఫాల్ట్‌కు పని పడేది ఇతరులు పంపిన లింకు నొక్కినప్పుడు. కొరియర్ ఆగిందన్న ఎస్ఎంఎస్, కేవైసీ చేయించుకోమన్న ఈమెయిల్, గ్రూపులో ఎవరో పంచిన ఉచిత రీచార్జి లింకు, అన్నీ ముందు దాని ముందుకే వస్తాయి. అంటే కంప్యూటర్‌లో ఉన్నవాటన్నిటిలో ఎక్కువ ప్రమాదం ఎదుర్కొనేది ఇదే.

పాత వెర్షన్ అయితే ప్రమాదం ఎలా పెరుగుతుందో చూడండి. క్రోమ్, ఎడ్జ్‌లకు ఆధారమైన క్రోమియం కోడ్ అందరికీ కనిపించే బహిరంగ కోడ్. ఎక్కడైనా లోపం దొరికితే దాన్ని సరిదిద్దిన కోడ్ కూడా బహిరంగంగానే చేరుతుంది. దుర్మార్గులు ఆ దిద్దుబాటును చదివి, దిద్దక ముందు లోపం ఎక్కడుందో వెనక్కి లెక్కగట్టుకోగలరు. దిద్దుబాటు బయటపడిన రోజుకూ అది మీ యంత్రానికి చేరిన రోజుకూ మధ్య ఉన్న వ్యవధే వాళ్లకు అదను. ఆ వ్యవధి తగ్గించాలనే 2023 ఆగస్టు నుంచి గూగుల్ క్రోమ్‌కు వారంవారం భద్రతా అప్‌డేట్లు ఇస్తోంది. ఈ లెక్కన నెలల తరబడి మారని బ్రౌజర్‌కు తెలిసిన లోపాలే పోగుపడతాయి. విండోస్ 7 యంత్రాలకు వచ్చిన ఆఖరి క్రోమ్ 2023 జనవరి నాటి 109. ఆ యంత్రం మీద అదే డిఫాల్ట్‌గా ఉంటే, తర్వాత వెలుగు చూసిన లోపాల్లో చాలా అందులో తెరిచే ఉన్నట్టు.

క్రోమ్ కానరీ, ఫైర్‌ఫాక్స్‌లో దానిలాంటిదే అయిన నైట్లీ లాంటివి డిఫాల్ట్ చేసుకుంటే దిద్దుబాట్లు అందరికంటే ముందొస్తాయి కదా అనిపించవచ్చు. వాటితో పాటే ఎవరూ పూర్తిగా పరీక్షించని కొత్త కోడ్ కూడా వస్తుంది. అందుకే డిఫాల్ట్ గడిలో ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయ్యే స్టేబుల్ రకం పేరే ఉండాలి. ఆఫీసులో ఈఎస్ఆర్ అయినా పరవాలేదు, కొత్త హంగులు ఆలస్యంగా వచ్చినా భద్రతా దిద్దుబాట్లు దానికీ వేళకే అందుతాయి. పరీక్షల కోసం పెట్టుకున్న వెర్షన్‌లో చూడాల్సిన లింకు ఉంటే, కాపీ చేసి అందులో అతికించుకోవడం రెండు క్షణాల పని.

పాత సైటు కోసం పాత బ్రౌజర్ తప్పదనేవాళ్లకూ దారి ఉంది. మన దగ్గర ఒకప్పుడు కొన్ని టెండర్ సైట్లు, ఆఫీసుల లోపలి సైట్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప నడిచేవి కావు. ఆ ఒక్క సైటు కోసం ఎక్స్‌ప్లోరర్‌ను డిఫాల్ట్‌గా పెట్టి, ప్రపంచంలోని లింకులన్నిటినీ దానికే అప్పగించిన ఆఫీసులున్నాయి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌కు వీడ్కోలు పలికి, ఎడ్జ్ లోపలే ‘ఐఈ మోడ్’ ఉంచింది. కనీసం 2029 దాకా అది ఉంటుందని చెప్పింది. ఏయే సైట్లకు పాత ఇంజిన్ కావాలో కంప్యూటర్ విభాగంవాళ్లు జాబితా రాసిపెడితే చాలు, ఆ సైట్లు మాత్రమే పాత ఇంజిన్‌లో, తక్కినవన్నీ కొత్తదాంట్లో తెరుచుకుంటాయి. పాతది తప్పనిసరైన ప్రతిచోటా పాటించదగ్గ పద్ధతి ఇదే: పాత వెర్షన్‌కు ఏయే సైట్లో పేరుపేరునా చెప్పి అంతవరకే అప్పగించాలి, ఎక్కడి నుంచి వస్తుందో తెలియని లింకును మాత్రం నిన్నమొన్న అప్‌డేట్ అయిన వెర్షన్‌కే వదలాలి.